రియాక్ట్ అప్లికేషన్‌లో సొంత కాంపొనెంట్ లైబ్రరీ: హుక్ ఎర్రర్, రాని స్టైల్స్, తెగిపోతున్న ఒత్తులు

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా సంస్థలో విద్యార్థుల ప్రవేశాలకు, ఫీజుల వసూలుకు, సిబ్బంది వివరాలకు రియాక్ట్‌తో (వెబ్ పేజీలను కాంపొనెంట్లనే చిన్న భాగాలుగా కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) రాసిన మూడు వేర్వేరు అప్లికేషన్లు నడుస్తున్నాయి. బటన్, టెక్స్ట్ బాక్స్, డ్రాప్‌డౌన్, టేబుల్ వంటివన్నీ ఒకదాని నుంచి మరొకదానికి కాపీ చేసుకున్నవే. ఎవరి అవసరాన్ని బట్టి వారు మార్చుకుంటూ పోవడంతో, ఒక చోట సరిచేసిన లోపం మిగతా రెండు చోట్ల అలాగే ఉండిపోతోంది. అందుకని వీటిని విడిగా ఒక లైబ్రరీగా తీసి, వీట్ అనే బిల్డ్ సాధనంలోని లైబ్రరీ మోడ్‌తో బిల్డ్ చేసి, ముందుగా ఫీజుల అప్లికేషన్‌లో అమర్చే పనిలో ఉన్నాను. ఆ అప్లికేషన్ వెబ్‌ప్యాక్ అనే మరో బిల్డ్ సాధనంతో బిల్డ్ అవుతుంది. రెండూ రియాక్ట్ 18 పైనే ఉన్నాయి.

ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే సాధనం) లింక్ ద్వారా లైబ్రరీని కలిపిన తరువాత మూడు ఇబ్బందులు ఎదురవుతున్నాయి. మొదటిది, బటన్ బాగానే కనిపిస్తోంది కానీ, డ్రాప్‌డౌన్ వాడిన పేజీ తెరవగానే ‘ఇన్‌వాలిడ్ హుక్ కాల్’ అనే ఎర్రర్ వస్తోంది (హుక్ అంటే కాంపొనెంట్ తన స్థితిని గుర్తుంచుకోవడం వంటి పనులకు పిలిచే రియాక్ట్ ఫంక్షన్). అదే డ్రాప్‌డౌన్ లైబ్రరీ సొంత డెమో పేజీలో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది. రెండవది, కనిపించే బటన్‌కు కూడా మేము రాసిన స్టైల్స్ ఏవీ రావడం లేదు. మూడవది, డెమో పేజీలో తెలుగు లేబుల్స్ పెట్టి చూసినప్పుడు డ్రాప్‌డౌన్‌లో ‘రాష్ట్రం’ అన్న మాటలోని ఒత్తులు కింద తెగిపోతున్నాయి. ఇంగ్లీషు లేబుల్స్‌తో ఈ తేడా కనిపించదు. వీటికి కారణాలు, అలాగే ఇలాంటి లైబ్రరీని అమర్చేటప్పుడు మొదటి నుంచీ పాటించవలసిన పద్ధతి తెలియజేయగలరని మనవి.

మొదటి సమాధానం

నమస్కారం. హుక్ ఎర్రర్ గురించి మాత్రమే వివరంగా రాస్తాను, ఎందుకంటే సొంత లైబ్రరీ మొదలుపెట్టిన దాదాపు ప్రతి బృందమూ దీన్ని దాటుకునే వెళ్ళాలి.

ఈ ఎర్రర్‌కు రియాక్ట్ డాక్యుమెంటేషన్ మూడు కారణాలు చెబుతుంది: రియాక్ట్, దాన్ని బ్రౌజర్‌లో చూపే రియాక్ట్ డామ్ వెర్షన్లు పొసగకపోవడం, హుక్స్ నియమాలు తప్పడం, ఒకే అప్లికేషన్‌లో రియాక్ట్ రెండు ప్రతులు ఉండడం. డెమో పేజీలో అదే కోడ్ పనిచేస్తోందంటున్నారు కాబట్టి మీది మూడవదే. మీ డ్రాప్‌డౌన్ ఒక రియాక్ట్ ప్రతి నుంచి యూజ్‌స్టేట్ అనే హుక్‌ను పిలుస్తోంది, పేజీని రెండర్ చేస్తున్న రియాక్ట్ డామ్ మాత్రం అప్లికేషన్‌లోని మరో ప్రతితో ముడిపడి ఉంది. ప్రస్తుతం ఏ కాంపొనెంట్ రెండర్ అవుతోందన్న సమాచారం మొదటి ప్రతికి అందదు కాబట్టి హుక్ విఫలమవుతుంది. బటన్‌లో హుక్స్ లేవు గనుక అది బయటపడలేదు.

రెండో ప్రతి మీ అప్లికేషన్‌లోకి రెండు దారుల్లో వచ్చి ఉండవచ్చు, రెండింటినీ మూయాలి. ఒకటి, లైబ్రరీ బిల్డ్‌లోనే రియాక్ట్ కలిసిపోవడం. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో రియాక్ట్‌ను డిపెండెన్సీస్ నుంచి తీసేసి పీర్ డిపెండెన్సీస్‌లో (వాడే అప్లికేషనే సమకూర్చవలసిన వాటి జాబితా) పెట్టాలి. లైబ్రరీని అభివృద్ధి చేయడానికి, పరీక్షించడానికి అవసరం కాబట్టి డెవ్ డిపెండెన్సీస్‌లో కూడా ఉంచాలి. అయితే పీర్‌గా ప్రకటించినంత మాత్రాన వీట్ దాన్ని బిల్డ్ నుంచి తప్పించదు. బిల్డ్ సెట్టింగ్స్‌లోని ఎక్స్‌టర్నల్ జాబితాలో రియాక్ట్‌ను, రియాక్ట్ డామ్‌ను విడిగా పేర్కొనాలి. చాలామంది ఇక్కడ రియాక్ట్ లోపలి జేఎస్‌ఎక్స్ రన్‌టైమ్‌ను (కోడ్‌లో రాసిన ట్యాగులను ఎలిమెంట్లుగా మార్చే భాగం) మరిచిపోతారు. అది వేరే దారిగా ఇంపోర్ట్ అవుతుంది కాబట్టి దాన్ని కూడా ఆ జాబితాలో రాయాలి.

రెండో దారి ఎన్‌పీఎం లింక్. అది నిజానికి అసలు ఫోల్డర్ వైపు చూపే ఒక సింబాలిక్ లింక్ మాత్రమే. వెబ్‌ప్యాక్ ఆ లింక్ వెంట లైబ్రరీ అసలు ఫోల్డర్‌కు వెళ్ళి, అక్కడి నోడ్ మాడ్యూల్స్‌లో డెవ్ డిపెండెన్సీగా ఉన్న రియాక్ట్‌ను తీసుకుంటుంది. అంటే బిల్డ్ అంతా సరిగ్గా ఉన్నా లింక్ కారణంగానే ఇదే ఎర్రర్ రావచ్చు. అప్లికేషన్ వెబ్‌ప్యాక్ సెట్టింగ్స్‌లో రియాక్ట్‌కు ఏలియాస్ ఇచ్చి తన సొంత ప్రతి వైపు మళ్ళిస్తే తాత్కాలికంగా తీరుతుంది. నా అభిప్రాయంలో లింక్‌ను పక్కనపెట్టి, ఎన్‌పీఎం ప్యాక్ కమాండ్‌తో వచ్చే టీజీజెడ్ ఫైలును అప్లికేషన్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడడం ఎంతో మేలు, ఎందుకంటే రేపు ప్యాకేజీలను ఉంచే రిజిస్ట్రీ నుంచి వచ్చేది సరిగ్గా అదే ఫైలు. ఆ తరువాత అప్లికేషన్ ఫోల్డర్‌లో ‘ఎన్‌పీఎం ఎల్ఎస్ రియాక్ట్’ అని నడిపితే ఎన్ని ప్రతులు ఇన్‌స్టాల్ అయ్యాయో తెలుస్తుంది.

రెండవ సమాధానం

పైన చెప్పినదంతా సరైనదే. స్టైల్స్ సంగతి నేను చెబుతాను.

వీట్ లైబ్రరీ మోడ్ మీ కాంపొనెంట్లలోని సీఎస్ఎస్‌ను సాధారణంగా ఒక ప్రత్యేక ఫైలుగా రాస్తుంది, జావాస్క్రిప్ట్ ఫైలు దాన్ని తనంతట తాను ఇంపోర్ట్ చేసుకోదు. కాబట్టి అప్లికేషన్ మొదలయ్యే చోట ఆ సీఎస్ఎస్ ఫైలును మీరే ఒకసారి ఇంపోర్ట్ చేయాలి. వీట్ 6 నుంచి ఆ ఫైలు పేరు లైబ్రరీ పేరును బట్టి వస్తుంది, అంతకు ముందు స్టైల్ డాట్ సీఎస్ఎస్ అని ఉండేది. పాత వ్యాసాలు చూసి చేసేవారు ఇక్కడ తడబడుతుంటారు. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఎక్స్‌పోర్ట్స్ విభాగం (బయటివారు ఇంపోర్ట్ చేయగల దారుల జాబితా) రాసి ఉంటే, సీఎస్ఎస్ దారిని కూడా అందులో చేర్చాలి. లేకపోతే ఫైలు కళ్ళ ముందే ఉన్నా వెబ్‌ప్యాక్ దాన్ని లోనికి రానివ్వదు. సైడ్ ఎఫెక్ట్స్‌ను ఫాల్స్ అని పెట్టారేమో కూడా ఒకసారి చూడండి. ఈ లైబ్రరీలో వాడని ఏ ఫైలునైనా తీసేయవచ్చని వెబ్‌ప్యాక్‌కు చెప్పడమే దాని అర్థం, అప్పుడు పేరు లేకుండా ఇంపోర్ట్ చేసిన సీఎస్ఎస్ కూడా పోతుంది. ఫాల్స్‌కు బదులుగా సీఎస్ఎస్ ఫైళ్ళను మినహాయింపుగా పేర్కొనే జాబితా రాయండి.

ఇంకొక మాట. మీ బటన్ కాంపొనెంట్‌లో టైప్ ఇచ్చారా? హెచ్‌టీఎంఎల్‌లో టైప్ చెప్పని బటన్, ఫారం లోపల ఉన్నప్పుడు సబ్మిట్ బటన్‌గా ప్రవర్తిస్తుంది. ఫీజుల ఫారంలో ‘రద్దు చేయండి’ నొక్కితే ఫారం సబ్మిట్ అయితే ఎంత ప్రమాదమో మీకు తెలుసు. లైబ్రరీలో డిఫాల్ట్ టైప్‌ను మామూలు బటన్‌గా పెట్టి, సబ్మిట్ కావలసిన చోట అడిగి తీసుకునేలా చేయండి.

మూడవ సమాధానం

ఒత్తుల విషయం చిన్నదిగా కనిపించినా, తెలుగులో ఫారాలు నింపే వారందరికీ రోజూ ఎదురయ్యే ఇబ్బంది ఇది, దీన్ని తీర్చడానికి లైబ్రరీని మించిన చోటు లేదు. ‘రాష్ట్రం’లో ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు చేరతాయి, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటలదీ ఇదే పరిస్థితి. లైన్ హైట్ 1.2 అని, బాక్స్ ఎత్తు ఇన్ని పిక్సెళ్ళని బిగించి, పొడవైన మాటలకు చివర చుక్కలు రావడానికి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టినప్పుడు, గీత కిందికి దిగిన భాగమంతా కత్తిరించుకుపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు అంత కిందికి దిగవు గనుక డిజైన్ చేసినవారి కంట పడదు.

ఎత్తును బిగించకుండా కనీస ఎత్తు, పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వండి. లైన్ హైట్‌ను సీఎస్ఎస్ వేరియబుల్‌గా ఉంచి, భాష తెలుగైనప్పుడు లాంగ్ (lang) సెలెక్టర్ ద్వారా పెంచండి; నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌కు 1.6తో మొదలుపెట్టి చూడవచ్చు. ఇది పనిచేయాలంటే అప్లికేషన్ తన హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాషను తెలుగుగా ప్రకటించాలి. బటన్ వెడల్పును కూడా బిగించకండి, ‘సేవ్’ పట్టిన చోట ‘భద్రపరచండి’ పట్టదు.

దీనికి అనుబంధంగా, లైబ్రరీ లోపల ఏ భాషలోనూ మాటలు రాసి ఉంచకండి. ‘ఫలితాలు లేవు’ వంటి సందేశాలను అప్లికేషన్ నుంచే తీసుకోవాలి. టేబుల్‌లో మొత్తాలు చూపేటప్పుడు లొకేల్ (భాష, ప్రాంతం తెలిపే సెట్టింగ్) కూడా బయటి నుంచే రావాలి. బ్రౌజర్‌లోని నంబర్ ఫార్మాట్‌కు భారతదేశపు తెలుగు లొకేల్ ఇస్తే 1234567 అనే సంఖ్య 12,34,567గా మన లక్షల లెక్కలో వస్తుంది, అమెరికా ఇంగ్లీషు లొకేల్ అయితే 1,234,567 అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. జేఎస్‌ఎక్స్ రన్‌టైమ్‌ను ఎక్స్‌టర్నల్ జాబితాలో చేర్చి, ప్యాక్ చేసిన ఫైలును ఇన్‌స్టాల్ చేశాక హుక్ ఎర్రర్ పోయింది. ఎక్స్‌పోర్ట్స్‌లో సీఎస్ఎస్ దారిని చేర్చి, ఫైలును ఇంపోర్ట్ చేయగానే స్టైల్స్ కూడా వచ్చాయి. ఇప్పుడు మిగిలిన సందేహం ఒక్కటే. విద్యార్థి నంబరు ఇస్తే సర్వర్ నుంచి వివరాలు తెచ్చి చూపే ఒక కార్డు మూడు అప్లికేషన్లలోనూ ఉంది. దాన్ని కూడా లైబ్రరీలోకి తీసుకురావచ్చునా? అలాగే, లైబ్రరీలో మార్పు చేసిన ప్రతిసారీ మూడు అప్లికేషన్లనూ ఒకేసారి మార్చవలసి వస్తుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఆ కార్డును రెండుగా విడదీయండి. పేరు, తరగతి, ఫోటో తీసుకొని చూపే భాగం లైబ్రరీలోకి రావచ్చు. సర్వర్‌ను పిలిచే భాగం, లాగిన్ టోకెన్, ఎర్రర్ వస్తే ఏం చేయాలన్న నిర్ణయం అప్లికేషన్‌లోనే ఉండాలి. సర్వర్ చిరునామా లైబ్రరీలోకి వచ్చిన రోజు నుంచి, ఏపీఐ మారినప్పుడల్లా లైబ్రరీ కొత్త వెర్షన్ విడుదల చేయాల్సి వస్తుంది.

ఇక రెండో సందేహానికి సమాధానం మీ కోడ్ ఎక్కడుందన్న దానిపై ఆధారపడుతుంది. మూడు అప్లికేషన్లూ ఒకే రిపాజిటరీలో ఉంటే పీఎన్‌పీఎం వర్క్‌స్పేస్ (ఒకే రిపాజిటరీలోని ప్యాకేజీలను నేరుగా కలిపే ఏర్పాటు) చాలు, రిజిస్ట్రీ అవసరమే ఉండదు. అయితే మార్పు చేసినవారే మూడింటినీ పరీక్షించి కలపాలి. వేర్వేరు రిపాజిటరీల్లో ఉంటే ప్రైవేట్ రిజిస్ట్రీలో వెర్షన్లుగా విడుదల చేయండి, అప్పుడు ఏ అప్లికేషన్ వీలును బట్టి అది కొత్త వెర్షన్‌కు మారుతుంది. 1.0 చేరేవరకు ఒక విషయం గుర్తుంచుకోండి: క్యారెట్ (^) గుర్తుతో 0.3.1 అని రాస్తే 0.3.2 దానంతట అది వస్తుంది, 0.4.0 రాదు. కాబట్టి వాడేవారి కోడ్ మార్చవలసిన ప్రతి మార్పునూ మధ్య అంకె పెంచి విడుదల చేస్తే, ఎవరి అప్లికేషనూ చెప్పకుండా విరగదు.

రియాక్ట్ 19కు మారే ఆలోచన ఉంటే పీర్ డిపెండెన్సీలో 18, 19 రెండింటినీ అనుమతించండి. 19లో రెఫ్ (పేజీలోని ఎలిమెంట్‌ను నేరుగా అందుకునే మార్గం) మామూలు ప్రాప్‌గా, అంటే కాంపొనెంట్‌కు ఇచ్చే విలువగా, అందుతుంది కానీ, 18లో ఫంక్షన్ కాంపొనెంట్లకు అలా అందదు. అందువల్ల మూడు అప్లికేషన్లూ 19కి చేరేవరకు టెక్స్ట్ బాక్స్ వంటి వాటిలో రెఫ్‌ను లోపలికి అందించే ఫార్వర్డ్ రెఫ్‌ను తీసేయకండి.