కెనాలెట్టో పద్ధతిలో రంగనాయకుల గుడి గోపురం గీయొచ్చా?

ప్రశ్న: నెల్లూరులో పెన్నా ఒడ్డు నుంచి గోపురాన్ని ఇటలీ చిత్రకారుడు కెనాలెట్టో వేసిన వెనిస్ నగరం బొమ్మల్లాగా గీయాలనుంది. ఆయన కెమెరా అబ్‌స్క్యూరా (ఎదుటి దృశ్యాన్ని లోపల బొమ్మగా పడేసే చీకటి పెట్టె) వాడాడంటారు. ఇంట్లో చేసుకోవడం కుదురుతుందా?

జవాబు 1: కుదురుద్ది అన్నా. కళ్లద్దాల షాపులో +2 పవర్ లెన్సు తీసుకోండి, దాని ఫోకస్ దూరం 50 సెం.మీ. అట్టపెట్టె ముందు వైపు ఆ లెన్సు, లోపల 45 డిగ్రీల వాలులో ముఖం చూసుకునే అద్దం, పైన గాజుపలక, దానిమీద ట్రేసింగ్ పేపర్. లెన్సు నుంచి అద్దం మీదుగా గాజుపలక దాకా మొత్తం కాంతి దారి 50 సెం.మీ. రావాలి. బొమ్మ కుడిఎడమలు తారుమారుగా పడుతుంది, కాగితం తిరగేస్తే సరి. అంచులు మసకబారితే లెన్సు ముందు చిన్న బెజ్జం ఉన్న అట్ట పెట్టండి. తలమీద నల్లగుడ్డ లేకుంటే మన ఎండకి ఏమీ కనపడదు.

జవాబు 2: పెట్టె ముక్కు పైకెత్తొద్దు, గోపురం గోడలు లోపలికి వాలిపోతాయి. మట్టంగానే ఉంచి దూరం జరగండి. పలక 30 సెం.మీ. అయితే గోపురం ఎత్తుకు మూడున్నర రెట్లు దూరం కావాలి.

జవాబు 3: పెట్టెనే నమ్ముకోవద్దు. కెనాలెట్టో (1697–1768) తండ్రి నాటకాల తెరలు గీసేవాడు, ఈయనా అక్కడే పని నేర్చాడు. స్కేలు, కంపాసు వాడేవాడు; బొమ్మ కుదరడానికి భవనాలను కాస్త జరిపేవాడు కూడా. తొలిరోజుల్లో బొమ్మకి ముందు గుడ్డకి వేసే అడుగుపూత ఎర్రమట్టి రంగులో ఉండేది, తర్వాత లేతపూతకి మారాడు. మీరు లేతదే వేయండి, ముదురు పూతమీద ఆకాశం మురికిగా తేలుద్ది.