కాలేజీ కబడ్డీ: కార్నర్ పట్టినా రైడర్ ఎందుకు జారుతున్నడు?

ప్రశ్న (హన్మకొండ): అన్నలూ, ఇంటర్ కాలేజీ పోటీలు దగ్గర పడ్డయి. మా లెఫ్ట్ కార్నర్ (ఎడమ మూల కాసేటోడు) చీలమండ గట్టిగనే పట్టుకుంటడు, అయినా రైడర్ (కూతకు వచ్చినోడు) గుంజుకపోయి నడిమి గీత తాకుతున్నడు. ఏం మార్చాలె?

జవాబు 1: తమ్మీ, తప్పు కార్నర్‌ది కాదు, వాని పక్కన నిలబడే ఇన్, ఆ ఇన్ పక్కన ఉండే కవర్‌లది. వాళ్లు వెనుక నుంచి రైడర్ మీద పడుతున్నట్టున్నరు. ఆ ఊపుతోనే రైడర్ గీత దిక్కు జరుగుతడు! కవర్ రైడర్‌కూ నడిమి గీతకూ మధ్యల రావాలె, ఛాతీకి భుజం ఆనించాలె. ఇన్ నడుము పట్టాలె.

ఇంకోటి, మీ కార్నర్ తొందర. బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) నడిమి గీతకు 3.75 మీటర్లే, బోనస్ గీత (దాటితే రైడర్‌కు అదనపు పాయింట్ వచ్చే గీత) దానికి ఇంకో మీటరు అవతల. బోనస్ కోసం కాలు చాపినప్పుడు పట్టుకుంటే రైడర్ 4.75 మీటర్లు గుంజాల్సి వస్తది. అప్పటిదాక ఆగమను.

ప్రాక్టీసు ఇట్ల: రైడర్, కార్నర్, ఇన్, కవర్, నలుగురే. ముందు సగం వేగంతో పదిసార్లు, కవర్ అడుగు కుదిరినంకనే పూర్తి వేగం. మట్టి గ్రౌండైతే నీళ్లు చల్లి మెత్తగ చేయండి, లేకుంటే మోకాళ్లు చెక్కుకుపోతయి.

జవాబు 2: చైన్‌ల (ఇద్దరు చేతులు పట్టుకొని కాసేటప్పుడు) వేళ్లు పెనవేయొద్దు, గుంజినప్పుడు విరుగుతయి. మణికట్టు పట్టుకోవాలె.

ప్రశ్న (హన్మకొండ): ముగ్గురే మిగిలితే?

జవాబు 1: చైన్ వదిలెయ్. పట్టు దొరికితే సూపర్ ట్యాకిల్, ఇంకో పాయింట్ అదనం. ఒకరిని లోపలికి రప్పించే ఎరగా పెట్టు, ఇద్దరు కార్నర్‌లల్ల ఉండాలె.