"తేలింది" అని ఎప్పుడు రాయొచ్చు? నాలుగు రంగాల వాళ్లని అడుగుతున్నాను

చిత్తుప్రతి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను పరిశోధన పత్రాలకి తెలుగులో సారాంశాలు రాస్తుంటాను. ఒక్కోదానికి 300 మాటలు, పైన ఒక శీర్షిక. ఈ నెల నా దగ్గర నాలుగు ఉన్నాయి: కణ భౌతికశాస్త్రంలో ఒకటి, మెనోపాజ్ హార్మోన్ చికిత్స మీద ఒకటి, ప్లాస్టిక్ రీసైక్లింగ్ మీద ఒకటి, ఇంటర్నెట్‌లో పాత పేజీలు మాయమవడం మీద ఒకటి. నాలుగూ రాసేసి, పక్కపక్కన పెట్టుకుని చదివాను. నాలుగు శీర్షికలూ ఒకే మాటతో ముగిశాయి: "తేలింది".

మాట మీద పట్టింపుతో అడగడం లేదు. ఇంతకుముందు ఈ మాటతోనే దెబ్బతిన్నాను. 2024 అక్టోబరులో కెమోస్ఫియర్ పత్రికలో ఒక పత్రం వచ్చింది. పాత ఎలక్ట్రానిక్ సామాన్ల నల్ల ప్లాస్టిక్ కరిగి మళ్లీ వంటింటి గరిటెల్లోకి, బొమ్మల్లోకి చేరుతోందని, మంట అంటుకోకుండా అందులో కలిపిన రసాయనాలు కూడా దాంతోపాటే వచ్చేస్తున్నాయని దాని సారం. వాటిలో ఒకటి బీడీఈ-209. గరిటెల వల్ల రోజుకి 34,700 నానోగ్రాములు ఒంట్లోకి వెళ్లొచ్చని అంచనా కట్టి, 60 కిలోల మనిషికి హద్దు 42,000 అని దాని పక్కనే చూపించారు. దాదాపు అంచుకి వచ్చేసినట్టే కదా! "నల్ల గరిటెలతో ప్రమాదం అంచున ఉన్నామని తేలింది" అని శీర్షిక పెట్టాను. అది ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతూనే ఉంది.

డిసెంబరులో సవరణ వచ్చింది. కిలో బరువుకి 7,000 చొప్పున 60 కిలోలకి 4,20,000. ఒక సున్నా జారిపోయింది. అంటే ఆ అంచనా హద్దులో పదో వంతు కూడా లేదు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త జో ష్వార్జ్ ఆ గుణకారం చేసి చూపించారు. నోటిలెక్కతో అయిపోయేది. నేను చెయ్యలేదు. ఆ రసాయనాలు వంట సామాన్లలో ఉండకూడదన్న తమ అసలు మాట మారదని పత్రం రాసినవాళ్లు అన్నారు, అది సబబే. కానీ నా శీర్షిక నిలబడేది ఆ సున్నా మీద. అది కూలిపోయింది.

అందుకే అడుగుతున్నాను. మీ రంగంలో ఏ గీత దాటితే "తేలింది" అంటారు? ఆ గీతకి ఇవతల ఉన్నప్పుడు ఏమంటారు?

రాత్రిషిఫ్టు:

కణ భౌతికశాస్త్రంలో మా మెట్లకి అంకెలున్నాయి. ఊరికే జరిగిపోయే హెచ్చుతగ్గులకి ఫలితం ఎంత దూరంగా ఉందో చెప్పే కొలత సిగ్మా. 3 సిగ్మా అయితే "ఆధారం", 5 అయితే "ఆవిష్కరణ". 2012 జూలై 4న జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో అట్లాస్, సీఎంఎస్ అనే ప్రయోగాల బృందాలు హిగ్స్ కణం సంగతి చెప్పింది ఆ 5 దగ్గరే. అయితే ఒక్క మాట. 5 సిగ్మా అంటే "కణం ఉండే అవకాశం 99.9999 శాతం" అని దయచేసి రాయకండి. కొత్త కణమేదీ లేదనుకుంటే, పాత ప్రక్రియల్లోంచే యాదృచ్ఛికంగా గ్రాఫులో ఇంత ఎత్తు గుబ్బ లేవడానికి 35 లక్షల్లో ఒక వంతు అవకాశం ఉందని మాత్రమే దానర్థం.

2015 డిసెంబరులో ఇవే రెండు బృందాలు ఫోటాన్ (కాంతి కణం) జంటల గ్రాఫులో 750 జీఈవీ (కణాల శక్తికి, ద్రవ్యరాశికి వాడే కొలమానం) దగ్గర చిన్న గుబ్బ చూపించాయి. అట్లాస్‌లో ఆ ఒక్క చోటే చూస్తే 3.6 సిగ్మా. వెతికిన మేరంతా లెక్కలోకి తీసుకుంటే దాదాపు 2. అన్ని చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట ఎత్తు కనబడక మానదు మరి. దాని మీద సిద్ధాంతకర్తలు వందల పత్రాలు రాశారు. అప్పుడు నేను పీహెచ్‌డీ చేస్తున్నాను, ఆ గ్రాఫు ప్రింటు ఎనిమిది నెలలు నా బల్ల ఎదురుగా గోడకి ఉంది. 2016 ఆగస్టులో ఇంకా డేటా కలిసేసరికి గుబ్బ చదునైపోయింది.

మీ సున్నాకి దగ్గరి చుట్టం మాత్రం ఒపెరా ప్రయోగం. 2011 సెప్టెంబరు. సెర్న్‌లో బయల్దేరిన న్యూట్రినోలనే కణాలు నేల లోపల 730 కిలోమీటర్లు దాటి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకి కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందే చేరుతున్నాయని లెక్క వచ్చింది. 6 సిగ్మా! మా గీత దాటేసిందన్నమాట. తీరా చూస్తే జీపీఎస్ సమయాన్ని గడియారానికి అందించే ఫైబర్ కేబుల్ కనెక్టరు పూర్తిగా బిగించి లేదు. అలాంటి కనెక్టర్లు నేను షిఫ్టులో రోజూ ముట్టుకునేదాన్ని. చివరి చుట్టు తిరక్కపోయినా సిగ్నల్ వస్తూనే ఉంటుంది, ఏ అలారమూ మోగదు. అవతలికి చేరే వెలుతురు మాత్రం తగ్గుతుంది. దాంతో అక్కడి సర్క్యూటు సిగ్నల్ వచ్చిందని గుర్తించడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ "కాస్త" మేర గడియారం వెనకబడి, కాంతి ఓడిపోయినట్టు కనబడింది. సిగ్మా లెక్కకి ఊరికే జరిగిపోయే హెచ్చుతగ్గులే తెలుసు. బిగించని కనెక్టరు ఆ లెక్కలోకే రాదు.

ఆ బృందాన్ని తప్పు పట్టను. పత్రం పేరులో "వేగాన్ని కొలవడం" అనే పెట్టారు, కాంతిని దాటిందన్న మాట పెట్టలేదు. తప్పెక్కడుందో వెతకమని అందరినీ అడిగారు కూడా. 2012 మార్చిలో అదే గ్రాన్ సాసోలో ఉన్న ఇకారస్ అనే ఇంకో ప్రయోగం వేరే పరికరంతో కొలిస్తే కాంతి వేగమే వచ్చింది. కాబట్టి నా లెక్కలో, 5 దాటాక రెండో పరికరం కూడా అదే చూస్తే "తేలింది". అప్పటిదాకా "కనబడింది".

సీరంట్యూబు:

రాత్రిషిఫ్టు గారు, మీ కనెక్టరు లాంటిది మాకు బయోటిన్ అనే విటమిన్. నేను హార్మోన్ పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. ఒకావిడ రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) అడుగంటిపోయింది, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) పైకి ఉంది. కాగితం చూస్తే థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తున్నట్టే. డాక్టరు గారు ఫోన్ చేశారు: "మనిషికీ ఈ కాగితానికీ పొంతన లేదు. గుండె దడ లేదు, చేతులు వణకడం లేదు, బరువు తగ్గలేదు. మళ్లీ చెయ్యండి." మళ్లీ చేశాం. అవే అంకెలు. మిషన్ సరిగ్గా పనిచేస్తోందో చూడటానికి పెట్టే కంట్రోల్ శాంపిళ్లు కూడా సరిగ్గానే వచ్చాయి. ఏమేం మింగుతున్నారని అడిగితే అప్పుడు బయటపడింది, జుట్టు రాలుతోందని రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ బిళ్ల వేసుకుంటున్నారు.

మేం వాడే కిట్‌లో యాంటీబాడీని పట్టి ఉంచేది బయోటిన్‌కీ స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌కీ పడే ముడి. రక్తంలోనే బయోటిన్ నిండిపోయి ఉంటే ముడి పడాల్సిన చోట్లన్నీ అదే ఆక్రమించేస్తుంది. అప్పుడు సాండ్‌విచ్ పద్ధతిలో చేసే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువ చూపిస్తుంది, పోటీ పద్ధతిలో చేసే టీ4 లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. రెండు తప్పులూ కలిసి అచ్చం ఒక జబ్బులా కనబడతాయి. బిళ్ల ఆపాక మూడు రోజులకి రక్తం తీస్తే రెండూ మామూలే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. అదే పద్ధతిలో పదిసార్లు చేసినా పదిసార్లూ అదే తప్పు వచ్చేది.

ఇక మీ హార్మోన్ చికిత్స శీర్షిక. అందులో "26 శాతం" ఉందేమో చూసుకోండి. అది ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ట్రయల్ అంకె, 2002 జూలై. గర్భసంచి ఉన్న 16,608 మంది స్త్రీలలో కొందరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి ఇచ్చారు, కొందరికి మందు లేని మాత్ర. సగటున 5.2 ఏళ్లకి ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం ఎక్కువ. ఇదే సంగతిని ఇలా కూడా చెప్పొచ్చు: 10,000 మందిని ఒక ఏడాది చూస్తే మందు లేని మాత్ర వాళ్లలో 30, మందు వాళ్లలో 38. తేడా 8. తుంటి ఎముక విరగడాలు అదే లెక్కన 5 తగ్గాయి.

చేరేనాటికి వాళ్ల సగటు వయసు 63. మెనోపాజ్ ఇప్పుడే మొదలై, రాత్రిళ్లు ఒంట్లో ఆవిర్లు లేచి నిద్రపట్టని యాభై ఏళ్ల మనిషి మీ శీర్షిక చదివి అదంతా తన గురించే అనుకుంటుంది. గర్భసంచి తీసేసినవాళ్లకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన ఇంకో ట్రయల్‌లో రొమ్ము క్యాన్సర్ పెరగనే లేదు. మీరేమో వాక్యం చివరి మాట గురించి అడిగారు. మా దగ్గర తప్పు వాక్యం మొదట్లోనే జరిగిపోతుంది: ఏ మందు, ఎవరికి, ఎన్నేళ్ల వయసులో. అవి లేకుండా చివర ఏ మాట పెట్టినా నాకు ఒకటే.

పాతలింకు:

వెబ్ పేజీల మీద పనిచేసే మాకు రెండోసారి కొలిచే అవకాశమే ఉండదు చాలాసార్లు. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ 2024లో లెక్క తీసింది: 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోలేదు. పోస్టులు ఎలా పాకుతున్నాయో చూడటానికి పరిశోధకులు వాడిన క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని 2024 ఆగస్టులో మూసేశారు. అందుకే నేను వర్తమానంలో రాయను. ఫలానా తేదీన, ఫలానా చోట, ఇలా ఉంది అని భూతకాలంలో రాస్తాను.

ఒకటి అడగొచ్చా? గరిటెల శీర్షికని పాత లింకులోనే సరిదిద్దారా, లేక వేరే పోస్టు పెట్టారా?

నీళ్లతొట్టి:

చిత్తుప్రతి గారు, "తేలింది" అనే మాట ప్లాస్టిక్ రీసైక్లింగ్‌లో మేం రోజంతా వాడతాం, అక్షరాలా అదే అర్థంలో. సీసాల్ని ముక్కలు చేసి నీళ్లతొట్టిలో వేస్తాం. మూతల ప్లాస్టిక్ నీటికన్నా తేలిక, పైకొస్తుంది. సీసా ప్లాస్టిక్, అంటే పెట్, మునుగుతుంది. పైది గరిటతో తోడినట్టు ఒక పక్కకి, కిందిది ఇంకో పక్కకి. కానీ పైపులకి వాడే పీవీసీ ప్లాస్టిక్ కూడా మునుగుతుంది. దాని సాంద్రత, పెట్ సాంద్రత దాదాపు ఒకటే. తడి ముక్కలు రెండూ అరచేతిలో పోసుకుంటే నేను కూడా విడదీయలేను. పెట్ కరిగే వేడికి ఆ కాస్త పీవీసీ విరిగి ఆమ్లం వదులుతుంది, మంచి సరుకంతా పసుపెక్కుతుంది. నీళ్లు చెప్పేది బరువు సంగతే, అదేం ప్లాస్టికో చెప్పవు.

మీ పత్రంలో బహుశా 9 శాతం అన్న అంకె వచ్చి ఉంటుంది. 2017లో గేయర్, జామ్‌బెక్, లా వేసిన లెక్క అది: 2015 వరకు తయారైన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు, అందులో చెత్తయింది 630 కోట్ల టన్నులు, ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం. దశాబ్దాల మొత్తం అది, ఈ ఏటిది కాదు. వేరే ఏ శాతం కనబడినా మొదట చూడాల్సింది కాటా ఎక్కడ పెట్టారన్నది. గేటు దగ్గర తూస్తే మట్టి, జిగురు, లేబుళ్లు, తడి అన్నీ "రీసైక్లింగే". యూరోపియన్ యూనియన్ 2018లో నియమం మార్చింది అందుకే, సేకరించినది కాకుండా రీసైక్లింగ్ ప్రక్రియలోకి నిజంగా వెళ్లినదాన్నే లెక్కించాలని.

గరిటెల గురించి కూడా ఒక మాట. నల్ల రంగుకి వాడే కార్బన్ బ్లాక్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మింగేస్తుంది. వేరుచేసే యంత్రం ప్లాస్టిక్ రకాన్ని గుర్తుపట్టేది ఆ కాంతి తిరిగొస్తేనే. నల్ల ముక్క దానికి లేనట్టే లెక్క. మీ శీర్షికలో సున్నా తప్పు కావచ్చు, ఆ నల్ల ముక్కల మీద దిగులు మాత్రం నాకు నిజంగానే ఉంది. అది వదిలెయ్యకండి.

చిత్తుప్రతి:

పాతలింకు గారు, రెండూ చేశాను. పాత లింకులోనే శీర్షిక మార్చి, కింద ఏం మారిందో తేదీతో రాశాను. కానీ ఫోన్లలో తిరిగింది లింకు కాదు, దాని ఫొటో. నాకు పంపినవాళ్లలో పదకొండు మందికి ఒక్కొక్కరికీ విడిగా రాశాను. ముగ్గురు జవాబిచ్చారు.

ఈ పూట మూడు మార్చాను. భౌతికశాస్త్రం పత్రంలో 3.2 సిగ్మా ఉంది, కాబట్టి "కనబడింది", రెండో ప్రయోగం ఇంకా చూడలేదని రెండో వాక్యంలోనే. వెబ్ పేజీల పత్రం వాళ్లు లింకులు నొక్కి చూశారు, అవి తెరుచుకోలేదు. శీర్షిక కూడా "తెరుచుకోలేదు" అనే పెట్టాను. హార్మోన్‌ది 26 శాతంతోనే మొదలైంది, సీరంట్యూబు గారు ఊహించినట్టే. ఇప్పుడు ఇలా ఉంది: "సగటున 63 ఏళ్ల వయసులో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడిన 10,000 మందిలో ఏడాదికి 8 రొమ్ము క్యాన్సర్లు ఎక్కువ". పొడుగైంది, సంపాదకులు కొయ్యమంటారు. వయసు మాత్రం కొయ్యనివ్వను.

నీళ్లతొట్టి గారు, మీరు చెప్పాక రీసైక్లింగ్ పత్రం మళ్లీ తెరిచాను. కాటా ఎక్కడుందో పదకొండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దొరికింది. గేటు దగ్గరే. ఆ సారాంశం రేపు ఇవ్వాల్సింది, ఇంకో వారం కావాలని చెప్పేశాను.