మైదాన్ సినిమా: ఆట అదిరింది, మరి హైదరాబాద్ ఏది?

రాత్రి_ఆట:
మైదాన్ థియేటర్లలో ఉన్నప్పుడు మూడు గంటల సినిమా అని జడిసి వదిలేశాను, మొన్న ప్రైమ్‌లో చూశాను. చివరి గంట కుదురుగా కూర్చోనివ్వలేదు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనం గోల్డ్ కొట్టామని తెలుసు, స్కోరు కూడా తెలుసు, అయినా టెన్షనే. ఇంటర్వెల్‌కి ముందు భాగమే బాగా సాగదీశారు. ఫుట్‌బాల్ ఫెడరేషన్‌లో ఒక దుర్మార్గుడు, పేపర్లో ఇంకో దుర్మార్గుడు, ఇద్దరూ కూర్చుని మన టీమ్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ని ఎలా దించాలా అని మంతనాలు, కాసేపాగి మళ్ళీ అవే మంతనాలు. నాకు ఫుట్‌బాల్ పెద్దగా తెలీదు, తెలిసినవాళ్ళు చెప్పండి: ఇంత పెద్ద కథకి ఆ విలన్లు అవసరమా?

లాలాగూడ_లెఫ్ట్‌వింగ్:
విలన్ల సంగతి తర్వాత, నా కోపం వేరే. సినిమా 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన దగ్గర మొదలవుతుంది. దానికి ఏడాది ముందే, 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇదే రహీం సాబ్ కోచ్‌గా ఇరాన్‌ని ఓడించి గోల్డ్ తెచ్చారు. అది చూపిస్తే ‘ఓడినవాడు లేచి గెలిచాడు’ అనే లెక్క కుదరదు, అందుకే ఎగరగొట్టారు.

ఇంకోటి, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్. ఆ టీమ్‌ని తీర్చిదిద్దింది రహీం సాబే, 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. బొంబాయి వెళ్ళి అక్కడి కప్పు ఐదేళ్ళు ఇంటికి తెచ్చుకోవడం అంటే మాటలా? జకార్తా వెళ్ళిన టీమ్‌లోనే చూడు, తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ పిల్లోడు, పీటర్ తంగరాజ్ సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడినవాడే, యూసుఫ్ ఖాన్ సిటీ పోలీస్ ప్లేయర్. అంటే ఇక్కడ గల్లీకో టీమ్, టీమ్‌కో గ్రౌండ్ ఉన్న ఊరు ఒకటి ఆయన వెనక ఉంది. సినిమాలో ఒక్క మనిషి సిగరెట్ వెలిగించుకుని ఒంటరిగా ఆలోచించి దేశానికి ఫుట్‌బాల్ నేర్పినట్టు ఉంటుంది. చార్మినార్ చూపిస్తే హైదరాబాద్ అయిపోతుందా భాయ్?

సెకండాఫ్_బాబాయ్:
లెఫ్ట్‌వింగ్ గారూ, మీరన్నది నిజమే కానీ అన్నీ పెడితే అది సిరీస్ అవుతుందండి. నేను మార్కులు వేసేది ఆట తీసిన తీరుకి. మన సినిమాల్లో ఫుట్‌బాల్ అంటే బంతి ఒక షాట్‌లో, కాలు ఇంకో షాట్‌లో, గోల్ మూడో షాట్‌లో. ఇందులో కెమెరా బంతి పక్కనే పరిగెడుతుంది, పాస్ ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వెళ్ళిందో ఆట తెలీనివాడికి కూడా అర్థమవుతుంది. మధ్యలో కోవిడ్, 2021 తుపానుకి స్టేడియం సెట్ ధ్వంసం, ఇన్ని దాటి 2024కి బయటపడ్డ సినిమా అది.

పైగా నమ్మబుద్ధి కాని సీన్లే నిజంగా జరిగినవి. జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్, తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే అదే మనిషిని సెమీస్‌లోనూ ఫైనల్లోనూ ఫార్వర్డ్‌గా దింపారు రహీం సాబ్. రెండింటిలోనూ గోల్ కొట్టాడు. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఇండోనేషియా ఆటల్లోకి రానివ్వనందుకు మన అధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు, దాంతో స్టేడియం మొత్తం మన మీద కేకలు. అలాంటి చోట ఫైనల్లో దక్షిణ కొరియా మీద ముందే రెండు గోల్స్ కొట్టి, చివర్లో ఒకటి ఇచ్చి 2-1తో బయటపడ్డారు. కల్పించిన టెన్షన్ కాదు ఇది.

ఆఫ్‌సైడ్_అక్క:
బాబాయ్ గారూ, నా బాధ సరిగ్గా అదే. నిజంలోనే అంత ఉన్నప్పుడు ఆ మంతనాల సీన్లు ఎందుకు? ఆ పేపర్ విలన్‌గా గజరాజ్ రావు లాంటి నటుణ్ణి పెట్టుకుని సినిమా అంతా మొహం చిట్లించడమే పనిగా ఇచ్చారు. ఫెడరేషన్‌లో రాజకీయాలు లేవనను, కానీ అసలు అడ్డంకులు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. హెల్సింకీలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అప్పట్లో ఇక్కడి మ్యాచ్‌లు 70 నిమిషాలే, బయటికెళ్తే 90. ఆ మిగతా 20 నిమిషాలకి ఊపిరి ఎక్కడి నుంచి తేవాలి అన్నదే ఒక కోచ్ సినిమాకి సరిపడా గొడవ. చేతకాని కాలు బలపడాలని ఆ కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవారట ఆయన. నాకు అవి కావాలి, స్పీచ్‌లు కాదు.

ఈ రోగం మైదాన్‌ది ఒక్కదానిదే కాదులెండి. దంగల్‌లో ఫైనల్ టైముకి నాన్నని గదిలో పెట్టి తాళం వేయడం కూడా కల్పనే. గీతా ఫోగట్ 2010 కామన్వెల్త్ ఫైనల్ నిజానికి సునాయాసంగా గెలిచింది. ఎవరో ఒకరు అడ్డం పడకపోతే గెలుపుకి విలువ లేదని మన రచయితలకి ఎవరు చెప్పారో.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా, జబ్బు సంగతి బాగా చేశారు. రహీం సాబ్ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు, జకార్తా గెలిచి ఏడాది కూడా కాలేదు. అజయ్ దేవగణ్ అక్కడ ఏడుపు పిండకుండా దగ్గుతూ పని చేసుకుపోతాడు. ఆయన భార్యగా వేసిన ప్రియమణి సీన్లు ఇంకో నాలుగు ఉండాల్సింది.

రాత్రి_ఆట:
సిటీ పోలీస్ టీమ్ గురించి నాకు అస్సలు తెలీదు, థాంక్స్. మా అబ్బాయికి పదకొండేళ్ళు, స్కూల్ టీమ్‌లో ఆడతాడు. మొత్తం చూపించనా?

లాలాగూడ_లెఫ్ట్‌వింగ్:
1956 మెల్‌బోర్న్ మ్యాచ్‌లు చూపించు, నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియా మీద మూడు గోల్స్ కొట్టినవి, ఆ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం. తర్వాత నేరుగా జకార్తాకి దూకెయ్. ఆఫీస్ గది కనిపించినప్పుడల్లా ఫార్వర్డ్ కొట్టు, వాడు అడగడు.