జొన్న రొట్టె పెనం దాకా రాకుండానే విరుగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): అమ్మ చేస్తుంటే చూసి చూసి నాకూ వచ్చేసిందనుకున్నాను. ప్యాకెట్ పిండిని గోరువెచ్చని నీళ్లతో కలిపి, నాలుగు ముద్దలు చేసి పెట్టుకున్నాను. చపాతీ కర్రతో ఒత్తితే అంచులన్నీ పగుళ్లే. పెనం దాకా చేరింది ఒక్కటే, అదీ రెండు ముక్కలై. కాస్త గోధుమపిండి కలపొచ్చా?

జవాబు (నారాయణపేట వైపు): కలపొద్దమ్మా, అప్పుడది జొన్న రొట్టె ఎలా అవుతుంది? గోధుమలో ఉండే సాగుడు జొన్నకు లేదు. జిగి వేడి నీళ్లతోనే రావాలి, గోరువెచ్చనివి చాలవు. కప్పు పిండికి ముప్పావు నుంచి కప్పు నీళ్లు పడతాయి. నీళ్లు బాగా మసిలాక పొయ్యి ఆపి, పిండి పోసి, గరిటెతో తిప్పి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత అరచేతి మడమతో ముందుకు నెట్టి నెట్టి మెదపాలి. ముద్ద నొక్కితే అంచు పగలకూడదు. పగిలితే చేయి తడిచేసుకుని మళ్లీ మెదపండి. నాలుగూ ఒకేసారి చేసిపెట్టడం రెండో పొరపాటు, ఆరిపోతాయి. ఒక రొట్టెకు సరిపడా పిండి మెదిపి, అది తట్టి, కాల్చాకే రెండోది.

జవాబు (అనంతపురం నుంచి): పిండి ఎన్నాళ్లదో చూశారా? పాత పిండి ఎంత మెదిపినా కలిసిరాదు. జొన్నలు కొని, పది రోజులకు సరిపడా మరలో ఆడించుకోండి. సజ్జ పిండి ఇంకా తొందరగా చేదెక్కుతుంది.

మళ్లీ అడిగినవారు: వేడి నీళ్లతో ముద్ద బాగా కుదిరింది! కానీ కాలేటప్పుడు పైన బీటలు వచ్చాయి. పొంగలేదు కూడా.

జవాబు (నారాయణపేట వైపు): పీట మీద పొడి పిండి చల్లి తడతాం కదా, ఆ పిండి అంటిన వైపు పెనం మీద పైకి రావాలి. వెంటనే తడిగుడ్డతో నీళ్లు పూయండి. తడి పూర్తిగా ఆరకముందే తిప్పేయాలి, బీటలు వచ్చేది అక్కడే. రెండో వైపు కాలాక గుడ్డతో అంచుల్ని అదమండి, పొంగుతుంది. తట్టేటప్పుడు ఒక చేత్తో అంచు పట్టుకుని, రెండో అరచేత్తో తడుతూ ఉంటే రొట్టె దానంతటదే తిరుగుతుంది. చేతి గాజులు మాత్రం తీసి పెట్టుకోండి, నావి రెండు పగిలాయి.

మళ్లీ అడిగినవారు: ఈరోజు ఐదు చేస్తే మూడు పొంగాయి. ఒకటి ఆంధ్రప్రదేశ్ మ్యాప్‌లా వచ్చింది, దాన్ని మా ఆయన ప్లేటులో వేశాను.