ఫోకస్ ప్యాడ్స్ బ్రూస్ లీ కనిపెట్టాడా? తెలిసినవాళ్లు చెప్పండి

సౌత్‌పా_వైజాగ్:
నాలుగు నెలల నుంచి బాక్సింగ్ నేర్చుకుంటున్నా. కోచ్ చేతులకి తొడుక్కుంటే మనం గుద్దే ఆ ఫోకస్ ప్యాడ్స్ బ్రూస్ లీయే కనిపెట్టాడని మా జిమ్‌లో ఒక అన్న గట్టిగా వాదిస్తున్నాడు, నిజమేనా? ఇంకో డౌట్. ప్యాడ్స్ మీద చేతులు భలే ఆడుతున్నాయి, స్పారింగ్‌కి, అంటే ఎదురుగా మనిషితో ప్రాక్టీస్ ఫైట్‌కి, దిగగానే టెన్షన్‌తో అన్నీ మర్చిపోతున్నా. మీకూ ఇలాగే అయ్యిందా?

పాత_గ్లోవ్స్:
బ్రూస్ లీ 1960ల్లో శిష్యులతో ప్యాడ్స్ బాగా కొట్టించాడు తమ్ముడూ, బాక్సర్ మహమ్మద్ అలీ ఫైట్ల ఫిల్ములు కూడా మళ్లీ మళ్లీ చూసేవాడు. కరాటే, కుంగ్‌ఫూ వాళ్లలో ప్యాడ్స్ పాకడానికి ఆయన పెద్ద కారణం. కనిపెట్టాడని మాత్రం నేను అనను. దెబ్బ తగలకుండా నేర్పాలన్న ఆలోచన 1740ల నాటిది. లండన్‌లో జాక్ బ్రౌటన్ తన దగ్గరికొచ్చే పెద్దింటి వాళ్లకి మఫ్లర్లనే మెత్తటి గ్లోవ్స్ తొడిగించి నేర్పేవాడు, ఎందుకంటే కన్ను వాచి, దవడ పగిలి ఇంటికెళ్లినవాడు మర్నాడు ఫీజు కట్టి మళ్లీ రాడు కదా. పోటీల్లో అప్పటికి ఒట్టి పిడికిళ్లే. 1867లో క్వీన్స్‌బెర్రీ రూల్స్ అనే బాక్సింగ్ నియమాలతో అక్కడా గ్లోవ్స్ వచ్చాయి. నా లెక్కలో ప్యాడ్ అంటే ఆ మెత్తనే కోచ్ అరచేతికి తొడగడం.

నంబర్_సెవెన్:
బాక్సింగ్ కోచ్ కస్ డమాటో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆయన పరుపుల్లాంటి బ్యాగ్ మీద బొమ్మ గీసి, ఏ దెబ్బ ఎక్కడ పడాలో నంబర్లు వేయించాడు, ఆ నంబర్లు టేపులో వినిపిస్తుంటే బాక్సర్ కొట్టాలి. దాని పేరు విల్లీ, 1965లో ఆయన శిష్యుడు హోసే టోరెస్ ఓడించిన విల్లీ పాస్ట్రానో పేరే దానికి పెట్టారు. టైసన్ కూడా ఈ నంబర్ల మీదే పెరిగాడు, 1986లో 20 ఏళ్లకే హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఇప్పుడు చాలా జిమ్‌లలో 1 అంటే జాబ్ (ముందున్న చేత్తో సూటిగా వేసే దెబ్బ), డమాటో దగ్గర జాబ్ 7. అందుకే జిమ్ మారితే ముందు నంబర్లు అడగండి, నేను అడక్కుండా వెళ్లి మొదటి రోజే కోచ్ మణికట్టు మీద కొట్టేశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సౌత్‌పా_వైజాగ్:
థాంక్స్ అన్నా. మరి స్పారింగ్ సంగతి?

పాత_గ్లోవ్స్:
మీ కోచ్ ప్యాడ్‌తో నిన్ను తిరిగి కొడుతున్నాడా? అది ముఖ్యం. బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్, వాళ్ల బాబాయ్ రోజర్ చేసిన స్పీడ్ ప్యాడ్స్ వీడియోలు చూసి అందరూ అదే కావాలంటున్నారు. అది వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి కలిసి చేసిన సాధన, కొత్తవాడు దాన్ని బట్టీ పడితే తాళం మాత్రమే వస్తుంది, ఎదుటివాడి చెయ్యి కనపడదు.

ప్యాడ్_పట్టే_అక్క:
పదకొండేళ్లుగా పిల్లలకి ప్యాడ్స్ పడుతున్నా. జాబ్ వేసి చెయ్యి కిందకి దించినవాళ్లకి వెంటనే చెంప మీద ప్యాడ్‌తో మెల్లగా ఒకటి తగిలిస్తా, రెండు వారాల్లో గార్డ్ (మొహానికి అడ్డంగా పెట్టే చేతులు) దానంతట అదే నిలబడుతుంది. పట్టేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు, మా భుజాలు, మోచేతులు రాత్రిళ్లు గుంజేస్తాయి. కోచ్ ఫ్రెడ్డీ రోచ్‌ని చూడండి, చేతులు వణికించే పార్కిన్సన్స్ జబ్బు ఉండి కూడా పొట్టకి రక్షణ కట్టుకుని బాక్సర్ పక్వియావో దెబ్బలు ప్యాడ్స్‌తో కాచుకున్నాడు. బాబూ, రేపు మీ కోచ్‌ని అడిగి ఒక్క రౌండ్ నువ్వే ప్యాడ్స్ పట్టి చూడు, దెబ్బ ఏ భుజం నుంచి మొదలవుతుందో నీకే కనపడుతుంది.

సౌత్‌పా_వైజాగ్:
పట్టాను అక్కా. హుక్ (పక్క నుంచి వంపుగా వచ్చే దెబ్బ) వచ్చేముందు అవతలివాడి మడమ తిరగడం మొదటిసారి చూశా.