బీఎస్సీ ఫస్టియర్ కెమిస్ట్రీ: టైట్రేషన్ లెక్కలో సమాధానం సగమే వస్తోంది, ఎందుకో చెప్తారా?

పుత్తూరు అమ్మాయి

అందరికీ నమస్కారం. తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ బైపీసీ, తెలుగు మీడియం. కెమిస్ట్రీ ఇష్టపడే తీసుకున్నాను. క్లాసులో వింటున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, హాస్టల్‌కొచ్చి లెక్క ముందేసుకుంటే మాత్రం చెయ్యి ఆడటం లేదు.

ఇప్పుడు ఆగిపోయింది టైట్రేషన్ దగ్గర, అంటే గాఢత తెలిసిన ద్రావణంతో చర్య జరిపించి, తెలియనిదాని గాఢత కట్టే లెక్క. 0.05 మోలార్ (లీటరు ద్రావణంలో 0.05 మోల్) సోడియం కార్బొనేట్ 20 మి.లీ. పిపెట్‌తో ఫ్లాస్కులోకి తీసుకుని, మిథైల్ ఆరెంజ్ (రంగు మారి చర్య ముగిసిందని చూపే సూచిక) వేసి, బ్యూరెట్ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదిలాం. రీడింగ్ 19.6 మి.లీ. ఎం1వీ1 = ఎం2వీ2 (ఎం మోలారిటీ, వీ ఘనపరిమాణం) లో వేస్తే ఆమ్లం 0.051 మోలార్ అని వస్తోంది. మేడమేమో 0.1 దగ్గర రావాలి అన్నారు. పక్కన వాళ్ళని అడిగితే రెండుతో గుణించెయ్ అంటారు తప్ప ఎందుకు గుణించాలో ఒక్కరూ చెప్పట్లేదు. పరీక్షలో వేరే ద్రావణాలు ఇస్తే అప్పుడు దేంతో గుణించాలి? ఇంట్లో వాళ్ళు కంప్యూటర్స్‌కి మారిపొమ్మంటున్నారు, నాకు మారాలని లేదు. ట్యూషన్ పెట్టించుకోవాలా, అదీ చెప్పండి.

ఎమ్మెస్సీ అక్క

చెల్లీ, నీ రీడింగ్ బాగుంది, ఫార్ములా ఒక్కటే ఇక్కడ పనికిరాదు. ఎం1వీ1 = ఎం2వీ2 అనేది ఒక ద్రావణంలో నీళ్ళు కలిపి పలచన చేసినప్పటిది. రెండు పదార్థాలు చర్య జరిపేటప్పుడు, ఒకటికి ఒకటి చొప్పున కలిస్తేనే అది సరిపోతుంది. ఇక్కడ సమీకరణం రాసి చూడు, ఒక సోడియం కార్బొనేట్‌కి రెండు హెచ్‌సీఎల్ కావాలి. ఇంటర్‌లో నార్మాలిటీతో (లీటరుకి ఎన్ని తుల్యాంకాలో చెప్పే గాఢత) చేసినప్పుడు ఈ రెండు అనేది తుల్యాంక భారంలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి మనకి కనపడదు, మోలారిటీకి వచ్చేసరికి బయటపడుతుంది.

ఫార్ములా పక్కన పెట్టి ఇలా చెయ్యి. కార్బొనేట్ మోల్స్ ఎన్ని? 0.05 ని 20 తో గుణించి 1000 తో భాగిస్తే 0.001. దానికి రెట్టింపు ఆమ్లం ఖర్చయింది, అంటే 0.002 మోల్స్. అది 19.6 మి.లీ.లో, అంటే 0.0196 లీటర్లలో ఉంది. భాగిస్తే 0.102 మోలార్. అంతే. ఏ టైట్రేషన్ ఇచ్చినా ఇదే వరస: ముందు సమీకరణం, తర్వాత నీకు తెలిసినదాని మోల్స్, తర్వాత నిష్పత్తి, చివర్న భాగహారం. ప్రతి అంకె పక్కనా ప్రమాణం రాయి, మి.లీ. ఎక్కడ లీటర్ కావాలో అదే చూపిస్తుంది.

మోల్ అంటే భయం పోవాలంటే మన మామిడి మండీ గుర్తు తెచ్చుకో. తోతాపురి లోడు దిగితే ఎవరూ కాయలు లెక్కపెట్టరు, తూకం వేస్తారు, ఒక కాయ సగటు బరువు తెలిస్తే లోడులో ఎన్ని కాయలున్నాయో చెప్పేయొచ్చు. 18 గ్రాముల నీళ్ళు తూచితే ఒక మోల్, అంటే 6.022 ని 10 ఘాతం 23 తో గుణించినన్ని అణువులు. చర్యలో పాల్గొనేవి అణువులు, మన చేతిలో ఉన్నది త్రాసు, ఆ రెంటినీ కలిపేదే మోల్.

ట్యూషన్ ఇప్పుడే వద్దు. మోల్ లెక్కలు రోజూ కొన్ని చేతితో చెయ్యి, ఒక నెల తర్వాత కూడా రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

చంద్రగిరి మాస్టారు

అమ్మా, పైన ఆ అమ్మాయి చక్కగా చెప్పింది. నేను ల్యాబ్ గురించి చెప్తాను, ఎందుకంటే లెక్క వచ్చినా చెయ్యి కుదరక మార్కులు పోగొట్టుకునే పిల్లల్ని చాలామందిని చూశాను.

బ్యూరెట్‌ని అందులో పోయబోయే ఆమ్లంతోనే తొలచాలి. పిపెట్‌ని కార్బొనేట్ ద్రావణంతో తొలచాలి. ఫ్లాస్కుని మాత్రం ఆ ద్రావణంతో తొలచకూడదు, డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. ఫ్లాస్కు గోడకి కార్బొనేట్ ఏమాత్రం అంటుకుని ఉన్నా నువ్వు కొలిచిన 20 మి.లీ.కి అది అదనం అవుతుంది, నీళ్ళు మిగిలితే మోల్స్ మారవు కాబట్టి నష్టం లేదు. కొళాయి నీళ్ళతో కడిగి వదిలెయ్యవద్దు. మన వైపు బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు ఉంటాయి, అవీ ఆమ్లాన్ని తాగేస్తాయి, రీడింగ్ ఊరికే పెరుగుతుంది.

ఎండ్ పాయింట్ (సూచిక రంగు మారే క్షణం) దగ్గర ఫ్లాస్కు కింద తెల్ల టైల్ పెట్టుకో. పసుపు పోయి నారింజ ఛాయ మొదలవగానే ఆపాలి. ఎర్రగా వచ్చేదాకా వదిలితే దాటిపోయినట్టే. చివర్లో ఒక్కో చుక్కే వెయ్యి, చుక్క కొనకి వేలాడుతుంటే డిస్టిల్డ్ వాటర్‌తో లోపలికి తోసెయ్యి.

ఆ 0.05 మోలార్ ద్రావణం కూడా నువ్వే తయారు చేస్తానని మేడంని అడుగు. 250 మి.లీ.కి పొడి సోడియం కార్బొనేట్ 1.325 గ్రాములు. 106 ని 0.05 తో, దాన్ని 0.25 తో గుణించి చూసుకో. ఒకసారి తూచి, కరిగించి, గీత దాకా నీళ్ళు నింపిన పిల్లకి మోలారిటీ అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అదే పని కాస్టిక్ సోడాతో కుదరదు, తూచుతుండగానే గాలిలోని తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుంటుంది, అందుకే దాని గాఢత ఇంకో ప్రామాణిక ద్రావణంతో కట్టాల్సి వస్తుంది.

కాళహస్తి కుర్రోడు

మాది కలంకారీ ఇల్లు, నేనూ బీఎస్సీ కెమిస్ట్రీనే. మారిపోవద్దు. మా ఇంట్లో ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి నానబెడతారు, ఆ నీళ్ళతో గీస్తే, ముందే కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కట్టుకునే సంక్లిష్ట సమ్మేళనం అది, డీ-బ్లాక్ (ఇనుములాంటి లోహాల) పాఠం చదివాక తెలిసింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న పని, అప్పటిదాకా కారణం తెలియదు.

ఫార్మా క్యూసీ

ఉద్యోగం సంగతి ఇంట్లో వాళ్ళకి చెప్పడానికి: మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో పని ఇదే, తూకం, ద్రావణం, టైట్రేషన్, తర్వాత హెచ్‌పీఎల్‌సీ మిషన్లు (ద్రావణంలోని పదార్థాల్ని వేరుచేసి కొలిచేవి). ఎమ్మెస్సీకి వెళ్ళాలంటే మన ఎస్వీ యూనివర్సిటీలాంటి వాటికి పీజీసెట్ ప్రవేశ పరీక్ష ఉంది, ఐఐటీల్లో కావాలంటే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. రెంటికీ ఫస్టియర్ పాఠాలే పునాది. అక్క చెప్పిన ట్యూషన్ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. బైపీసీ నుంచి వచ్చినవాళ్ళకి లాగరిథమ్‌లు, గ్రాఫులు, కొంచెం కాలిక్యులస్ ముందుముందు అడ్డం పడతాయి, ఫిజికల్ కెమిస్ట్రీలో మరీను. లెక్కలు వచ్చిన ఫ్రెండ్ దగ్గర ఇప్పుడే కూర్చుని నేర్చుకో, డబ్బులు కట్టక్కర్లేదు.

పుత్తూరు అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్, రెండు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. వచ్చే ల్యాబ్‌కి పర్మాంగనేట్ ఉంది, ముందుగానే ఒకటి చేసి చూశాను, సరిచూడండి. ఆక్సాలిక్ ఆమ్లం 0.05 మోలార్, 20 మి.లీ., రీడింగ్ 20.2 అనుకున్నాను. రెండు పర్మాంగనేట్‌కి ఐదు ఆక్సాలిక్. ఆక్సాలిక్ 0.001 మోల్, కాబట్టి పర్మాంగనేట్ 0.0004, దాన్ని 0.0202 తో భాగిస్తే 0.0198 మోలార్.

ఎమ్మెస్సీ అక్క

కరెక్ట్. ల్యాబ్‌లో ఫ్లాస్కులో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60–70 డిగ్రీల దాకా వేడి చేసి మొదలుపెట్టు, చల్లగా ఉంటే మొదటి చుక్కల గులాబీ రంగు ఎంతకీ పోదు. కొంచెం మాంగనస్ అయాన్ ఏర్పడ్డాక అదే ఉత్ప్రేరకమై చర్య వేగం అందుకుంటుంది. దీనికి వేరే సూచిక వెయ్యక్కర్లేదు, లేత గులాబీ అర నిమిషం నిలిస్తే ఆపెయ్. ద్రావణం ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో ద్రవం ఉపరితలపు కింది వంపు కనపడదు, పై అంచు దగ్గర చదువు, మొదటి రీడింగ్ కూడా అక్కడే తీసుకో.